సహకరించని తల

వీరన్నగుట్ట మీద వీరభద్రస్వామివారి వెండి కోరమీసాలు పోయిన పొద్దున, గర్భగుడి తలుపు తీసిన పూజారి స్వామిని గుర్తుపట్టలేదు. ఎవరో పొరుగూరి దేవుడు వచ్చి కూర్చున్నాడేమోనని ఒకడుగు వెనక్కి వేశాడు. తర్వాత తేరుకుని, మీసాలు లేవని గ్రహించి, గుట్ట దిగి పోలీసులకు చెప్పాడు. జాతర నడుమన ఇట్లాంటి కబురు దాగదు. దీపారాధన కాకముందే గుట్ట కింద దుకాణాల వాళ్ళందరికీ తెలిసిపోయింది.

దేవుడి సొమ్ము పోతే ఎవరైనా బాధపడతారు. డీఎస్పీ చక్రపాణిగారు మాత్రం కొంచెం సంతోషించారు. దానికి కారణం ఆయన ఆఫీసులో ఉన్న యంత్రం. పరదేశం నుంచి పెద్ద ఖర్చు పెట్టి తెప్పించిన ఆ యంత్రానికి పసుపు కుంకాలు పెట్టి, ముందర నిమ్మకాయ తొక్కించి, మంత్రిగారి చేత రిబ్బను కత్తిరింపించి ఏడాది కావస్తోంది. మనిషి ఉమ్మి తడి అయినా, నెత్తురు చుక్క అయినా దానికి అందిస్తే చాలు, ఆ మనిషి జుట్టు ఏ రంగో, కళ్ళు ఏ రంగో చెప్పేస్తుంది. యంత్రం పుట్టిన దేశంలో ఒకడిది పసుపుపచ్చ జుట్టు, ఒకడిది ఎర్ర జుట్టు, ఒకడివి నీలి కళ్ళు కాబట్టి దానికి అక్కడ చేతినిండా పని. ఇక్కడికి వచ్చాక దాని మీది ప్లాస్టిక్ ముసుగు తీసే అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు స్వామివారే దయతలచారు.

గర్భగుడి గడప పక్కన ఎవరో సగం కొరికి వదిలేసిన కొబ్బరిముక్క దొరికింది. దొంగ ఆకలి మీద కొరికి ఉంటాడని చక్రపాణిగారు తేల్చారు. కొబ్బరిముక్కను కవరులో పెట్టి, జీపులో ముందు సీటు మీద కూర్చోబెట్టి ఆఫీసుకు పంపారు. సాయంత్రానికి యంత్రం నోరు విప్పింది. దొంగ మగవాడు. జుట్టు నలుపు. కళ్ళు ముదురు గోధుమ రంగు.

ఆ సంగతి విలేకరులకు చెప్పేటప్పుడు చక్రపాణిగారి గొంతు గంభీరంగా ఉంది. వెనక బెంచీలోని ఒక విలేకరి, అయ్యా, ఈ పోలికలు ఇక్కడున్న మా అందరికీ ఉన్నాయి కదా అని అడిగాడు. చక్రపాణిగారు తొణకలేదు.

"అనుమానితుల పరిధి విశాలంగా ఉండటం దర్యాప్తు సమగ్రతకు నిదర్శనం" అన్నారు.

విశాలమైన పరిధిని కుదించటానికి ఆయన ఒక రాత్రంతా ఆలోచించారు. దొంగ తెలివైనవాడు. శాఖ దగ్గర ఇట్లాంటి యంత్రం ఉందని పేపర్లలో చదివే ఉంటాడు. తన జుట్టు రంగు బయటపడుతుందని తెలిసినవాడు మొట్టమొదట ఏం చేస్తాడు? జుట్టు తీయించేసుకుంటాడు. గుట్ట మీద తలనీలాలు ఇచ్చే మండపం ఉండనే ఉంది. కాబట్టి తల మీద జుట్టు లేనివాడే జుట్టు దాచుకున్నవాడు.

మర్నాడు జాతరలో గుండు కనిపించిన ప్రతి మగవాణ్ణీ పోలీసులు పట్టుకున్నారు. మొక్కు తీర్చుకుని, నెత్తికి చందనం పూసుకుని, స్వామి దయవల్ల ఇక కష్టాలు తీరినట్టేననుకుంటూ మెట్లు దిగుతున్నవాళ్ళు మెట్టు మెట్టునా దొరికారు. వాళ్ళందరినీ దేవస్థానం సత్రంలో పెట్టి, గుమ్మానికి 'కేశవృద్ధి నిరీక్షణ కేంద్రం' అని బోర్డు కట్టారు. ఇది అరెస్టు కాదని, జుట్టు మొలిచి రంగు తేలేదాకా ప్రభుత్వం కల్పిస్తున్న వసతి మాత్రమేనని చక్రపాణిగారు వాళ్ళకు వివరించారు. తలుపుకు తాళం ఎందుకని ఒకరు అడిగితే, వసతికి భద్రత కోసమన్నారు.

ఆ గుండ్ల నడుమ ఒక బట్టతల కూడా దొరికింది. దాని యజమాని పేరు ఓదెలు.

ఓదెలును ఆ చుట్టుపక్కల జాతరలకు వెళ్ళే వాళ్ళందరూ ఎరుగుదురు. ఇరవై ఏళ్ళుగా ఏ గుట్ట మీద కొబ్బరికాయ పగిలినా, కింద గోనెపట్టా పరిచి దువ్వెనలు, రిబ్బన్లు, అద్దాలు, వాటితోపాటు సొంతంగా కాచిన జుట్టు నూనె పెట్టుకుని కూర్చుంటాడు. నూనె సీసా ఎత్తిపట్టి "నెలరోజులు రాయుండ్రి, నారుమడి లెక్క మొలవకపోతె నన్నడుగుండ్రి" అని కేకలు వేస్తాడు. నీ నెత్తి మీదే మొలవలేదేమయ్యా అని ఎవరైనా అంటే, నేను రాసుకుంటే మీకు మిగలొద్దా అంటాడు. జనం నవ్వుతారు. నవ్వినవాళ్ళు ఒక సీసా కొంటారు. ఆ మాట కోసమే కొనేవాళ్ళు కూడా ఉన్నారు. పక్కన కూర్చుని చిల్లర ఇచ్చే పని భార్య బుచ్చవ్వది.

పట్టుకెళ్ళటానికి వచ్చిన హెడ్డు కానిస్టేబులు ముత్తిలింగం మంచివాడే. ఓదెలు దగ్గర మూడు దువ్వెనలు కొన్నవాడు కూడా. అయినా పైనుంచి వచ్చిన ఆర్డరులో తల మీద జుట్టు లేని మగవాళ్ళందరూ అని ఉంది, ఎందుకు లేదన్నది అందులో లేదు. "నడువు ఓదెలన్నా, జర మాట్లాడి వస్తవు" అన్నాడు ముత్తిలింగం. బుచ్చవ్వ గోనెపట్టా అట్లాగే వదిలి వెంట వచ్చింది. ఆమె తల మీద నిండుగా జుట్టు ఉండటంతో గుమ్మంలోనే ఆపేశారు.

చక్రపాణిగారు ఓదెలును చూసిన చూపులోనే ఆయన అనుమానం తెలిసిపోయింది. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు గాని సంచి నిండా దువ్వెనలు. నిజంగా జుట్టు లేనివాడికి ఇన్ని దువ్వెనలు ఎందుకు?

"సారూ, నేను అమ్ముకునేటోన్ని" అన్నాడు ఓదెలు. "నాకు ఎంటికలు ఊడి పాతికేండ్లు దాటింది. ఇగ రావు."

"అది శాస్త్రం నిర్ణయించవలసిన విషయం" అన్నారు చక్రపాణిగారు.

అందరి దగ్గరా ఉమ్మి తీసుకున్నారు. నోట్లో దూదిపుల్ల పెట్టి తిప్పుతుంటే ముసలివాళ్ళు పోలియో చుక్కలేమో అనుకున్నారు. ముత్తిలింగం ఉండబట్టలేక, సార్, కొబ్బరిముక్క మీది ఉమ్మి మన దగ్గరుంది, వీళ్ళ ఉమ్మి మన దగ్గరుంది, రెండూ ఒకటేనా కాదా చూస్తే సరిపోతుంది కదా అన్నాడు. చక్రపాణిగారు అతని వైపు జాలిగా చూశారు. పోల్చటం పాత పద్ధతి. అది వేరే విభాగం, వేరే భవనంలో ఉంది, దానికి వేరే డైరెక్టరు ఉన్నాడు. "మనది పోల్చే విభాగం కాదయ్యా, ఊహించే విభాగం" అన్నారు.

ముందుగా కళ్ళ పరీక్ష జరిగింది. యంత్రంతోపాటు వచ్చిన రంగుల అట్ట ఒకటి ఉంది. దాని మీద నీలిలో తొమ్మిది రకాలు, ఆకుపచ్చలో ఏడు, బూడిద రంగులో అయిదు ఉన్నాయి. మన కళ్ళు అట్ట అడుగున 'ఇతరములు' అనే గడిలో ఉన్నాయి. ఒక్కొక్కరి కంట్లో టార్చిలైటు వేసి చూసి, ఇతరములు, ఇతరములు అని రాసుకుంటూ పోయారు. ఒక గొర్రెల కాపరివి మాత్రం పిల్లికళ్ళు. పుట్టినప్పటినుంచి ఊళ్ళో అతను ఎదురొస్తే జనం కాసేపు ఆగి పోయేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో మూడు సంబంధాలు తప్పిపోయాయి. అలాంటివాడికి పోలీసులు కుర్చీ వేసి టీ ఇచ్చి, మీ కళ్ళు నిర్దోషులు, వెళ్ళి రండి అన్నారు. అతను గుమ్మం దాటి కాసేపు అక్కడే నిలబడి ఏడ్చాడు. మిగిలినవాళ్ళు జీవితంలో మొదటిసారి పిల్లికళ్ళ కోసం అసూయపడ్డారు.

తర్వాత జుట్టు కోసం ఎదురుచూడటం మొదలైంది. రంగు చూడటానికి జుట్టు రెండు వేళ్ళ మందం పెరగాలని యంత్రం కంపెనీ వాళ్ళ పుస్తకంలో ఉంది. అందుకని పొద్దున్నే అందరినీ ఎండలో వరసగా కూర్చోబెట్టి ముత్తిలింగం స్కేలుతో కొలిచేవాడు. కొలిచినంత మాత్రాన పెరగదని తెలిసినా కొలిచేవాడు. తెల్లజుట్టు మొలిచినవాళ్ళను దండం పెట్టి పంపించేశారు. కొడుకులు కోడళ్ళు ముసలాడని విసుక్కున్న మనుషులు ఆ రోజున ముసలితనాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా వెళ్ళారు. ఊళ్ళో కూడా గాలి మారింది. మగవాళ్ళు మీసాలకు నల్లరంగు వేయటం మానేశారు. గోరింటాకు ధర ఆకాశాన్ని అంటింది. దాంతో చక్రపాణిగారు, కేసు తేలేదాకా పౌరులెవరూ తమ సహజ వర్ణాన్ని మార్చుకోరాదని ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటన మీద సంతకం చేసేటప్పుడు ఆయన జుట్టు నిగనిగలాడుతూ ఉంది. ఆయన వయసుకు అంత నలుపు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

ఉమ్మి ఫలితాలు కూడా వచ్చాయి. యంత్రం అందరికీ జుట్టు నలుపే అని చెప్పింది, మొలిచినవాళ్ళకు నల్లగానే మొలిచింది. తెల్లబడినవాళ్ళ సంగతి, అది వయసు చేసిన తప్పు గాని యంత్రం తప్పు కాదని నోటు రాశారు. యంత్రం నూటికి నూరుపాళ్ళు నెగ్గింది. రాజధాని నుంచి పెద్దల కమిటీ వచ్చి చూసి, ఇంకో యంత్రం కొనాలా వద్దా తేలుస్తుంది. వాళ్ళకు చూపించాల్సిన పట్టికలో, యంత్రం చెప్పిన రంగు పక్కన మొలిచిన రంగు రాసే గడులన్నీ నిండాయి. ఒక్క గడి ఖాళీ.

ఓదెలుకు కూడా యంత్రం దట్టమైన నల్లజుట్టు రాసింది.

చక్రపాణిగారు అతన్ని తన ముందు నిలబెట్టి కాగితం చదివి వినిపించారు. "రిపోర్టు ప్రకారం నీకు జుట్టు ఉంది. నువ్వు లేదంటున్నావు. మేం ఎవర్ని నమ్మాలి?"

"నెత్తి చూడుండ్రి సారూ."

"కంటిచూపు సాక్ష్యం కింద పనికిరాదని మొన్ననే సర్క్యులర్ ఇచ్చాం" అన్నారాయన. అందరి తలలూ సహకరించాయనీ, ఈ ఒక్క తలే దర్యాప్తుకు సహకరించటం లేదనీ ఫైల్లో రాయించారు.

వైద్యం మొదలైంది. ఆ దగ్గరలో ప్రభుత్వ డాక్టరు అంటే పశువుల డాక్టరే. ఆయన వచ్చి ఓదెలు తలను నిమిరి, బర్రెకైతే ఈ పాటికి వచ్చేదని చెప్పి వెళ్ళాడు. ఉల్లిపాయ రసం పూశారు. గుంటగలగరాకు నూరి కట్టారు. కోడిగుడ్డు పగలగొట్టారు. ఎండకు గుడ్డు సగం ఉడికింది గాని ఏమీ మొలవలేదు. అప్పుడు ఒక రోజు చక్రపాణిగారికి ఓదెలు సంచిలోని నూనె సీసాలు గుర్తొచ్చాయి.

"నెలరోజులు రాస్తే నారుమడిలా మొలుస్తుందని నువ్వే జాతరలో చెప్పావట. నిజమేనా?"

ఓదెలు అవునన్నట్టు తలూపాడు.

చక్రపాణిగారు సావకాశంగా విడమరిచారు. నూనె మంచిదే అయితే నెలరోజుల్లో జుట్టు రావాలి. రాకపోతే అతను కావాలని ఆపుతున్నట్టు లెక్క. అది సాక్ష్యం దాచిన నేరం. నూనె మంచిది కాదంటే ఇరవై ఏళ్ళుగా జనాన్ని మోసం చేసినట్టు లెక్క. అది ఇంకో నేరం. ఏ నేరం ఒప్పుకుంటాడో అతని ఇష్టం, ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టదు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టయింది ఓదెలు పని. ఆ నూనెలో కొబ్బరినూనె, మందారాకు, కొంచెం కర్పూరం తప్ప ఏమీ లేవని అతనికి తెలుసు. కొన్నవాళ్ళకూ తెలుసు. తెలిసే నవ్వుకుని కొన్నారు. కానీ ఆ నవ్వును ఏ గడిలో రాస్తారు? మోసగాడినని రాసిస్తే ఇక ఏ జాతరలోనూ గోనెపట్టా పరచలేడు. అందుకని, నూనె మంచిదే సారూ, నా నెత్తే మంచిది కాదు అన్నాడు.

ఆ రోజునుంచి రెండు పూటలా అతని నూనే అతని తలకు మర్దన చేశారు. ముత్తిలింగం చేతులు మెత్తగా ఉండేవి. తోటివాళ్ళు స్వామికి మొక్కుకోమని సలహా ఇచ్చారు. జుట్టు ఇప్పించు స్వామీ, ఇచ్చిన వెంటనే నీకే ఇచ్చేస్తానని ఓదెలు మొక్కుకున్నాడు. తర్వాత తనకే ఆ బేరం అర్థం కాలేదు.

ఇంతలో మీసాలు దొరికాయి. నిజానికి అవి పోనేలేదు. జాతర చివరి రోజుకు మెరుగు పెట్టించాలని, అవి పోయాయనుకున్న ముందు రాత్రి దేవస్థానం ఆఫీసరే పట్నం కంసాలికిచ్చి, ఇచ్చిన సంగతి మరిచిపోయాడు. కంసాలి కూలి కోసం గుట్టెక్కి వచ్చేదాకా ఆయనకు గుర్తురాలేదు. కొబ్బరిముక్క కొరికింది తానేనని పూజారి చెప్పబోయాడు గాని, అది ప్రభుత్వ సాక్ష్యంగా నమోదైంది కాబట్టి కొరికే హక్కు ఆయనకు లేదని నోరు మూయించారు. స్వామికి మీసాలు పెట్టి మళ్ళీ హారతి ఇచ్చారు. నల్లజుట్టు వాళ్ళందరినీ, పోలికలు సరిపోయినవి గాని నేరం జరగలేదు అని రాసి వదిలేశారు.

సత్రంలో ఓదెలు ఒక్కడే మిగిలాడు.

"దొంగతనమే కాలేదంట గద సారూ. నన్నెందుకు?" అని అడిగాడు.

"దొంగతనం కేసు ముగిసింది. నీ జుట్టు కేసు ముగియలేదు" అన్నారు చక్రపాణిగారు. ఆయన గొంతులో కోపం లేదు, కొంచెం బతిమాలుతున్నట్టుగా కూడా ఉంది. కమిటీ వస్తోంది. ఒక్క గడి ఖాళీగా ఉంటే యంత్రం తప్పినట్టు. అంత ఖరీదైన యంత్రం తప్పటానికి బడ్జెట్టులో ఎక్కడా ఏర్పాటు లేదు.

ఖాళీ సత్రంలో ఓదెలుకు దిగులు పట్టుకుంది. తోటి గుండ్లు ఉన్నప్పుడు నవ్వుకోవటానికైనా ఉండేది. ఇప్పుడు పొద్దున లేవగానే చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి పోయేది. అంతమంది చదువుకున్నవాళ్ళు ఉందంటున్నారు, ఏమో, ఉందేమో అని తడుముకునేవాడు. ఒక రోజు సంచిలోంచి దువ్వెన తీసి, ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, ఉత్త తల మీద ఇటునుంచి అటు దువ్వుకున్నాడు. ఆ తర్వాత భయం వేసింది. తనను దొంగ అన్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. ఇంకొన్నాళ్ళు ఇక్కడుంటే తన తలను తానే నమ్మనని అతనికి అర్థమైంది. గోడకు ముఖం పెట్టి గట్టిగా ఏడ్చాడు.

బుచ్చవ్వ రోజూ గిన్నెలో అన్నం పట్టుకొచ్చి గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్ళేది. ఆ రోజు గిన్నె తీసుకోవటానికి వచ్చిన మగని చెవి పక్కన దువ్వెన పళ్ళ గీతలు చూసింది. గిన్నె గడప మీద పెట్టి, ముత్తిలింగాన్ని పక్కకు జరిపి, తిన్నగా లోపలికి నడిచింది. ముత్తిలింగం ఆపలేదు.

సత్రం ముందుగదిలో చక్రపాణిగారు వేయించుకున్న బల్ల మీద కమిటీకి చూపించటానికి తయారుచేసిన పెద్ద ఫోటో ఉంది. ఓదెలు ఉమ్మిని బట్టి యంత్రం గీసిన బొమ్మ అది. ముదురు గోధుమ రంగు కళ్ళు, నుదుటి మీద పడే ఒత్తైన నల్లజుట్టు, పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఆమె వచ్చిన పని ఏమిటో అడగకుండానే ఆయన ఆ బొమ్మ ఆమె వైపు తిప్పారు. భార్య గుర్తుపట్టి, ఈయనే నా భర్త అని వేలిముద్ర వేస్తే గడి నిండిపోతుందని ఆయనకు ఆ క్షణానే తోచింది. ఆ ఆశతో ఆమెకు కుర్చీ కూడా చూపించారు.

బుచ్చవ్వ కూర్చోలేదు. బొమ్మను చాలాసేపు చూసింది. తలుపు దగ్గర నూనె కారుతూ నిలబడ్డ మగణ్ణి చూసింది.

"ఈయినె ఎవరో నాకు ఎరుకలేదు సారూ" అంది. "నేను లగ్గమాడిననాడు తలరుమాలు తీస్తె ఇదే నెత్తి. అప్పటిసంది ఇదే నెత్తి. మీకు కావాల్సింది ఎంటికలున్నాయినె గదా. ఆయిన్ని మీరే ఉంచుకోండ్రి. ఈ బట్టతలాయినె మీకెందుకు, నాకియ్యుండ్రి."

ముత్తిలింగం గోడ వైపు తిరిగాడు. చక్రపాణిగారు బొమ్మను చూసి, ఓదెలును చూసి, మళ్ళీ బొమ్మను చూశారు. కొంచెం కొంచెంగా ఆయన ముఖం విప్పారింది. ఆమె మాటలో ఆయనకు కన్నీళ్ళు కనబడలేదు, ఒక నిబంధన కనబడింది. శాఖ అదుపులో ఉన్నది రిపోర్టులోని మనిషి. రిపోర్టులోని మనిషికి జుట్టుంది. ఇక్కడ నిలబడ్డవాడికి లేదు. కాబట్టి ఇక్కడ నిలబడ్డవాడు వాడు కాడు.

"అయితే నువ్వెవరు? ఇన్నాళ్ళుగా అనుమతి లేకుండా ప్రభుత్వ కేంద్రంలో ఎందుకుంటున్నావు?" అని ఓదెలును గద్దించారు.

ఓదెలు నోరు తెరిచేలోపే, తప్పయింది సారూ, ఇంకోసారి ఉండడు అని బుచ్చవ్వే చెప్పింది. చక్రపాణిగారు క్షమించి, ముత్తిలింగం చేత అతన్ని గేటు బయటకు గెంటించారు. ముత్తిలింగం గెంటేముందు భుజం తట్టాడు. మెట్లు దిగుతుండగా బుచ్చవ్వ కొంగుతో మగని నెత్తి మీది నూనె తుడిచింది, తుడిచిన చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది. తన తల తనకు దక్కిందని అప్పటికి గాని ఓదెలు నమ్మలేదు.

కమిటీ వచ్చింది, ఫలితాలు చూసి తృప్తిపడింది, రెండో యంత్రం మంజూరైంది. రికార్డుల ప్రకారం ఓదెలు నేటికీ సత్రంలోనే ఉన్నాడు. అతని పేర రోజూ రెండు పూటల భోజనం, నెలకో నూనె సీసా ఖర్చు రాస్తున్నారు. తల పూర్తిగా సహకరిస్తోందనీ, జుట్టు ఒత్తుగా, నల్లగా, రిపోర్టులో ఉన్నట్టే పెరుగుతోందనీ ప్రతి నెలా చక్రపాణిగారు పైకి తెలియజేస్తున్నారు.